మంచి పాఠం అంటే బాగా చెప్పడమా, బాగా చేయించడమా?

పాతచాక్‌పీస్: మా మెడికల్ కాలేజీ కరికులమ్ కమిటీ ఫిజియాలజీ లెక్చర్లు సగానికి కోసేసింది. ఆ గంటల్లో కేసులిచ్చి పిల్లల్నే చర్చించుకోమంటోంది. గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియనివాడు హార్ట్ ఫెయిల్యూర్ గురించి ఏం చర్చిస్తాడండీ? ముందు బాగా చెప్పాలి, మిగతావి తర్వాత.

వార్డుఅక్క: సర్, నేను నర్సింగ్ పిల్లలకు నేర్పుతాను. సెలైన్ ఎక్కించడానికి నరంలో ఐవీ కాన్యులా గొట్టం పెట్టే పద్ధతి తడుముకోకుండా అప్పజెప్పిన అమ్మాయి, మంచం దగ్గరకొచ్చేసరికి చేతికి బిగించిన టోర్నికే పట్టీ విప్పడం మర్చిపోయింది. సెలైన్ ఎందుకు ఎక్కట్లేదా అని బాటిల్ వైపు చూస్తూ నిలబడింది. వైద్యవిద్య నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లోనే చెప్పాడు: తెలియడం, ఎలాగో తెలియడం, చేసి చూపడం, రోజూ పనిలో చేయడం వేరువేరు మెట్లని. లెక్చర్ కింది మెట్ల దగ్గరే ఆగిపోతుంది.

పాతచాక్‌పీస్: టోర్నికే ఎందుకు విప్పాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదన్నమాట. నేననేదీ అదే!

వార్డుఅక్క: చెప్పింది నేనే సర్.

నిద్రలేని_ఇంటర్న్: కుర్చీ వేసుకుని కూర్చున్నా, కానివ్వండి.

ఫిజియోబాబు: కేసులతో నేర్పడం కొత్తేం కాదు, కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లోనే మొదలుపెట్టింది. తంటా అంతా పరీక్షతోనే. ఏడాదంతా చర్చలు పెట్టి చివర్లో పాత ఎంసీక్యూలే ఇస్తే, పిల్లలు ఎంసీక్యూలే చదువుతారు.

పాతచాక్‌పీస్: మరి మీ ఓస్కీ, ఆ స్టేషన్ల వారీ ప్రాక్టికల్ పరీక్ష? ఐదు నిమిషాల స్టేషను. చేతులు కడిగాడా, టిక్కు. పేరడిగాడా, టిక్కు. పేషెంటు ముఖం ఒక్కసారీ చూడని కుర్రాడు నా కళ్లముందే పాసయ్యాడు.

వార్డుఅక్క: చేతులు కడగడానికి మార్కు తీసేయమంటారా?

పాతచాక్‌పీస్: నేనలా అన్నానా?

వార్డుఅక్క: అన్నట్టే ఉంది.

నిద్రలేని_ఇంటర్న్: ఇక చేతులు కడగడం మీదే రాత్రంతా.

ఫిజియోబాబు: విద్యా పరిశోధకుడు డేనియల్ ప్రాట్ బోధనను ఐదు రకాలుగా చూడొచ్చన్నాడు. సర్‌ది విషయం అందించే రకం, అక్కది పక్కన నిలబెట్టి పని నేర్పే రకం. రెండూ...

పాతచాక్‌పీస్: నన్ను ఏ డబ్బాలోనూ పెట్టకు బాబూ! ఇరవై ఆరేళ్లుగా బోర్డు మీద కార్డియాక్ సైకిల్ గీస్తున్నా. ఇప్పుడు నేను ‘ఫెసిలిటేటర్’నట, నోరు మూసుకుని కూర్చోవాలట. నోటీసు బోర్డులో టైమ్‌టేబుల్ చూశాకే తెలిసింది నాకు కోత సంగతి!

వార్డుఅక్క: ఈ మాట ముందే అనాల్సింది సర్. మా కాలేజీలోనూ ఎవరూ మమ్మల్నడగలేదు. క్లినికల్ గంటలు పెంచారు, మనిషినివ్వలేదు. మంచం ఒకటి, పిల్లలు పద్దెనిమిది మంది. వెనక వరసకు నా వీపు తప్ప ఏమీ కనిపించదు.

పాతచాక్‌పీస్: పద్దెనిమిది మందా? ఒక్క మంచానికా?

వార్డుఅక్క: అవును.

పాతచాక్‌పీస్: అన్యాయం అమ్మా. అయినా లెక్చర్లు కోయడం తప్పే.