ప్రెస్ రిలీజ్‌తో వెబ్‌సైట్‌కి నిజంగా జనం వస్తారా?

అందరికీ నమస్కారం. చూపు లేని పిల్లలు స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) లెక్కలు నేర్చుకునేలా ఒక ఫ్రీ వెబ్‌సైట్ చేశాను, ఇది ఆ పిల్లల దాకా, వాళ్ళ టీచర్ల దాకా చేరాలని నాకు చాలా ఆశగా ఉంది. ప్రెస్ రిలీజ్ ఇస్తే వందల సైట్లలో వస్తుంది, బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైట్‌కి ఇచ్చే లింకులు) వస్తాయి, గూగుల్‌లో పైకి వెళ్తుంది అని కొంతమంది చెప్తున్నారు, కానీ నేను చదివిందేంటంటే ప్రెస్ రిలీజుల్లో కీవర్డ్స్ పెట్టి ఇచ్చే లింకులని గూగుల్ 2013లోనే లింక్ స్కీమ్స్ (ర్యాంకింగ్ పెంచుకోవడానికి లింకులతో చేసే మోసాలు) కింద చేర్చింది, వాటికి నోఫాలో (ఈ లింకుని ర్యాంకింగ్‌కి లెక్కపెట్టొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) పెట్టమంది, 2019లో డబ్బిచ్చి పెట్టించే లింకుల కోసం స్పాన్సర్డ్ అనే ట్యాగ్ కూడా తెచ్చింది. అంటే ర్యాంకింగ్ కోసం ఇది దండగే కదా?

నాకు లింకుల కంటే ఒక్క రిపోర్టర్ చదివి సొంతంగా రాస్తే అదే ఎక్కువ అనిపిస్తోంది. మరి పీఆర్ న్యూస్‌వైర్, బిజినెస్ వైర్ లాంటి ప్రెస్ రిలీజులు పంచే సర్వీసులకి డబ్బు కట్టాలా, లేక చదువు గురించి రాసే రిపోర్టర్లకి నేరుగా మెయిల్ చేయాలా? హెడ్డింగ్‌లో సైట్ పేరు పెట్టాలా, పిల్లలకి జరిగే మేలు పెట్టాలా? లింకు చివర యూటీఎమ్ (ఆ లింకు ఎక్కడ పెట్టామో చెప్పే చిన్న కోడ్) తగిలిస్తే జనం ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది, అది ఓకే. చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే మీకు ఏది పనిచేసిందో కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.