58 దాటాక బాయిలర్ ఆపరేటర్‌ని మిల్లులోనే కొనసాగించాలంటే?

మండపేట దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో లెక్కలు చూస్తానండి. మా బాయిలర్ ఆపరేటర్ గారికి ఫిబ్రవరిలో 58 నిండుతాయి. సర్వీసు 24 ఏళ్లు, బేసిక్, డీఏ కలిపి 13,000. ఆయన ఉంటానంటున్నారు, ఓనరు గారూ సరేనంటున్నారు. రాత్రి షిఫ్టు తీసేసి జీతం 10,400 చేద్దామని ఆలోచన. ప్రభుత్వంలో 62 అయింది కదా, మనకీ అంతేనా? పీఎఫ్ ఆపేయాలా?

పీఎఫ్ కన్సల్టెంట్, రాజమండ్రి:
ఆ 62 రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకండి, 2022 జనవరి నుంచి. మిల్లుకి నియామక పత్రంలో ఏ వయసు రాసుకుంటే అదే. ముందు అది మార్చి ఇద్దరి సంతకాలూ పెట్టించండి.

పీఎఫ్ ఆపకూడదు. ఆగేది పింఛను చందా ఒక్కటే. ఇప్పుడు మిల్లు వాటా 12 శాతంలో 8.33 పింఛనుకి, 3.67 పీఎఫ్‌కి వెళ్తోంది. 58 నిండాక మొత్తం పీఎఫ్‌కే. ఈసీఆర్‌లో, అంటే నెలనెలా అప్‌లోడ్ చేసే పీఎఫ్ చందాల ఫైలులో, పింఛను జీతం గడిలో సున్నా వేయాలి. పాత ఫైలే మళ్లీ అప్‌లోడ్ చేసేయడం వల్ల తర్వాత క్లెయిములు ఆగిపోతుంటాయి. ఆధార్‌లో, పీఎఫ్‌లో పుట్టిన తేదీ ఒకటేనా అన్నది ఇప్పుడే చూసుకోండి. తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్ (ఆయన, మిల్లు కలిసి పెట్టే సవరణ దరఖాస్తు) పెట్టాలి.

పనిలో ఉంటూనే ఫారం 10డి పెట్టి పింఛను తీసుకోవచ్చు. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది కానీ లెక్క చూడండి: 3,000 వచ్చేవారు, చందా కట్టకుండా ఏడాది ఆగితే 36,000 వదులుకుని నెలకు 120 ఎక్కువ పొందుతారు. అది పూడడానికే 25 ఏళ్లు. 58కే తీసుకోమనండి. పీఎఫ్ సొమ్ము మాత్రం మొత్తం తీయనివ్వకండి. తీసేసి మళ్లీ చేరితే సభ్యత్వం ఉండదు.

యూనియన్ కార్యకర్త, తణుకు:
జీతం తగ్గించే ముందు గ్రాట్యుటీ తేల్చాలండి, అది చివరి జీతం మీద కడతారు. 13,000ని 15తో హెచ్చించి 26తో భాగిస్తే ఏడాదికి 7,500, 24 ఏళ్లకు 1,80,000. జీతం 10,400కి దించాక లెక్కగడితే 1,44,000. ఆయనకు 36,000 నష్టం. అందుకని 58కి రిటైర్‌మెంట్ చూపించి, 30 రోజుల్లోపు సొమ్ము ఇచ్చి, కొత్త నియామక పత్రం ఇవ్వండి. అసలు కోత ఎందుకండి? ఆ జీతం ఆయన బాయిలర్ సర్టిఫికెట్‌కి, రాత్రి మేలుకున్నందుకు కాదు. ఈఎస్ఐకి వయసు అడ్డం లేదు, కడుతూ ఉండండి.

బాయిలర్ ఫోర్‌మన్, రామచంద్రపురం:
పనిని విడగొట్టకుండా వయసు ఒక్కటే పొడిగిస్తే మనిషి నిలబడరండి. గేజి గ్లాసు (బాయిలర్‌లో నీటి మట్టం చూపే గొట్టం), ప్రెషరు, నీరు ఎక్కించే ఫీడ్ పంపు, అడుగున మడ్డి వదిలే బ్లోడౌన్ ఆయన చూడాలి. ఊక పోయడం, బూడిద లాగడం హెల్పరు కుర్రాడి పని. డ్రయ్యరు నిచ్చెనలు ఎక్కించొద్దు. గేజి గ్లాసు దగ్గర మంచి లైటు పెట్టండి.

దాళ్వా (రబీ) ధాన్యం ఉడకబెట్టకుండా పచ్చిగా ఆడితే నూక ఎక్కువ కాబట్టి ఉప్పుడుకే వస్తుంది. అంటే బాయిలర్ గట్టిగా నడిచేది నడి ఎండల్లోనే. బీపీకి నీరు పోయించే మాత్ర వాడేవారికి ఆ సెగలో ఒంట్లో నీరు, ఉప్పు త్వరగా తగ్గిపోతాయి. ఫలానా పని చేస్తున్నానని డాక్టరుకి చెప్పి మాత్ర చూపించుకోవాలి. ఆ ఎండలున్నన్నాళ్లూ ఆయనకు తెల్లవారుజాము షిఫ్టు వేయండి.

ఆయన టీకి వెళ్లినా కుర్రాడిని ఒంటరిగా వదలకండి. గ్లాసులో నీరు కనబడకపోతే కంగారులో పంపు ఆన్ చేస్తారు, కాలిన ట్యూబుల మీద చన్నీళ్లు పడితే పేలుతుంది. ముందు మంట ఆపాలి. కుర్రాడిని ఇప్పటి నుంచే సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ పరీక్షకు సిద్ధం చేయించండి.