ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇల్లు ఎవరికి ముందు వస్తుంది? బ్యాండు, బిడ్డింగు గురించి సందేహం

తూర్పు లండన్ వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము తూర్పు లండన్‌లోని ఒక బరోలో (నగరంలో సొంత కౌన్సిల్ ఉన్న ప్రాంతం), దుకాణం పైనున్న వన్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ప్రైవేటు అద్దెకు ఉంటున్నాము. ఇంట్లో నేను, నా భార్య, పదకొండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి. నేను విద్యార్థిగా ఈ దేశానికి వచ్చి, పదేళ్ల నివాసం పూర్తయ్యాక ఐఎల్ఆర్ (గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి) పొందాను; నా భార్య మాత్రం ఇంకా స్పౌజ్ వీసా మీదే ఉంది. ఐఎల్ఆర్ రాగానే కౌన్సిల్ హౌసింగ్ రిజిస్టర్‌కు (కౌన్సిల్ ఇళ్ల కోసం ఎదురుచూసేవారి జాబితా) దరఖాస్తు చేశాము. అప్పటికి అమ్మాయికి తొమ్మిదేళ్లు. మాకు ఒక పడకగది తక్కువగా ఉందని లెక్క వేసి బ్యాండ్ సి (అవసరాన్ని బట్టి ఇచ్చే ప్రాధాన్య శ్రేణి) ఇచ్చారు. అప్పటి నుంచి టూ బెడ్‌రూమ్ ఇల్లు ప్రకటనలో కనబడిన ప్రతిసారీ బిడ్ వేస్తున్నాము (ఆ ఇల్లు మాకు కావాలని నమోదు చేస్తున్నాము) గానీ, మా స్థానం ఎప్పుడు చూసినా రెండు వందలకు అటూ ఇటూగానే ఉంటోంది.

అబ్బాయి మంచం వెనుక గోడకు చెమ్మ ఎక్కి నల్లగా బూజు పడుతుంది. బ్లీచ్‌తో తుడిస్తే కొన్నాళ్లు తగ్గి, మళ్లీ అదే చోట మొదలవుతుంది. చలికాలమంతా వాడికి రాత్రిళ్లు పిల్లికూతలే.

మా తరువాత దరఖాస్తు చేసిన తెలిసిన కుటుంబానికి ఈ మధ్యే ఇల్లు వచ్చింది. వారి మీద నాకు అసూయ లేదు, కానీ ఎలా వచ్చిందో అర్థం కావడం లేదు. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు లాటరీ తీసినట్టు ఇక్కడ కూడా తీస్తారని ఒకరు, కౌన్సిలర్‌ను పట్టుకుంటే పని త్వరగా అవుతుందని మరొకరు చెబుతున్నారు. అసలు పద్ధతి ఏమిటో, మేము ఇంకేమి చేయాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

బర్మింగ్‌హామ్ సలహాదారు:

నమస్కారమండీ. నేను ఇళ్ల సమస్యలపై ఉచిత సలహా ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ఇంగ్లండ్‌లో లాటరీ పద్ధతి లేదు. కేవలం ముందు వచ్చినవారికి ముందు ఇచ్చే వరుస కూడా లేదు. హౌసింగ్ యాక్ట్ 1996లోని ఆరవ భాగం ప్రకారం ప్రతి కౌన్సిల్ తన ఇళ్లను ఎవరికి, ఏ క్రమంలో కేటాయిస్తుందో రాతపూర్వకమైన స్కీముగా ప్రకటించాలి, ఆ స్కీములో లేని పద్ధతిలో ఎవరికీ ఇల్లు ఇవ్వకూడదు. ఇల్లు లేనివారికి, ఇరుకైన లేదా ఆరోగ్యానికి హాని చేసే ఇళ్లలో ఉంటున్నవారికి, వైద్య, సంక్షేమ కారణాల వల్ల ఇల్లు మారవలసినవారికి, ఫలానా ప్రాంతానికి వెళ్లకపోతే తీవ్రమైన ఇబ్బంది పడేవారికి తగిన ప్రాధాన్యం ఇచ్చి తీరాలని అదే చట్టంలోని సెక్షన్ 166ఎ చెబుతుంది. ఈ వర్గాలలో మళ్లీ ఎవరిని ముందు నిలపాలన్నది చాలావరకు కౌన్సిల్‌కే వదిలేశారు. తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ స్కీము మీద వచ్చిన కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 2009లో ఇచ్చిన తీర్పు సారాంశం ఇదే: స్కీము పూర్తిగా అహేతుకంగా ఉంటే తప్ప, దాని లోపలి లెక్కల్లో కోర్టులు తొందరపడి జోక్యం చేసుకోవు. అందుకే ఒక బరోలో పాయింట్లు ఉంటాయి, పక్క బరోలో బ్యాండ్లు ఉంటాయి, స్నేహితుల అనుభవం మీకు వర్తించకుండా పోతుంది. మీ కౌన్సిల్ వెబ్‌సైటులో అలొకేషన్ స్కీము పూర్తి పాఠం ఉంటుంది. సంక్షిప్త కరపత్రం కాకుండా ఆ పాఠమే చదవండి.

ఇక మీ విషయానికి వస్తే, దరఖాస్తు నాటికి అమ్మాయికి తొమ్మిదేళ్లన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ప్రభుత్వ మార్గదర్శకాలు సూచించే బెడ్‌రూమ్ ప్రమాణం ప్రకారం దంపతులకు ఒక గది, 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఒక గది, 10 నుంచి 20 ఏళ్ల లోపు ఇద్దరు అమ్మాయిలకు గానీ ఇద్దరు అబ్బాయిలకు గానీ కలిపి ఒక గది లెక్కిస్తారు. పదేళ్ల లోపు పిల్లలైతే అమ్మాయి, అబ్బాయి అన్న తేడా లేకుండా ఇద్దరికీ ఒకే గది సరిపోతుందని భావిస్తారు. దరఖాస్తు చేసిన రోజున మీ పిల్లలిద్దరూ పదేళ్ల లోపువారు కాబట్టి మీకు రెండు గదులు అవసరమని, ఒకటి తక్కువ ఉందని తేల్చారు. అమ్మాయికి పదేళ్లు నిండిన రోజు నుంచి ఈ ప్రమాణం ప్రకారం మీ అవసరం మూడు గదులు, అంటే మీకు ఉన్న లోటు రెండు గదులు. చాలా స్కీముల్లో రెండు గదుల లోటుకు పై బ్యాండు ఉంటుంది. అయితే పిల్లల వయసు పెరిగిందని కంప్యూటర్ తనంతట తాను మార్చేస్తుందని అనుకోవద్దు. పరిస్థితులలో మార్పు తెలిపే ఫారం నింపి, జనన ధ్రువపత్రం జతచేసి ఇప్పుడే పంపండి. కొన్ని కౌన్సిళ్లలో పై బ్యాండుకు మారిన తేదీనే కొత్త ప్రాధాన్య తేదీగా (ఒకే బ్యాండులో ఎవరు ముందో తేల్చే తేదీ) తీసుకుంటారు కాబట్టి ఆలస్యమైన ప్రతి నెలా మీకు నష్టమే.

ఇందులో ఒక చిక్కు ఉంది. త్రీ బెడ్‌రూమ్ ఇళ్లు టూ బెడ్‌రూమ్ ఇళ్లకన్నా చాలా అరుదుగా ఖాళీ అవుతాయి. అవసరానికి ఒక గది తక్కువున్న ఇంటికి కూడా బిడ్ వేసుకోవడానికి కొన్ని స్కీములు అనుమతిస్తాయి. మీ స్కీములో ఆ వెసులుబాటు ఉందో లేదో తప్పక చూడండి. ఉంటే రెండు రకాల ఇళ్లకూ ప్రయత్నించవచ్చు.

చెమ్మ గురించి కౌన్సిల్‌లోని ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి ఫిర్యాదు చేయండి. హౌసింగ్ యాక్ట్ 2004 కింద వారు ఇంటిని తనిఖీ చేస్తారు. ప్రమాదం కేటగిరీ 1 (అత్యంత తీవ్రమైనది) అని తేలితే ఏదో ఒక చర్య తీసుకోవడం కౌన్సిల్ బాధ్యత అవుతుంది. ఆ తనిఖీ నివేదిక ప్రతిని హౌసింగ్ రిజిస్టర్ విభాగానికి మీరే పంపండి, ఎందుకంటే ఒకే భవనంలో ఉన్నా ఆ రెండు విభాగాలు చాలాసార్లు ఒకదాని కాగితాలు మరొకటి చూడవు. మెడికల్ అసెస్‌మెంట్ ఫారం కూడా నింపండి. బాబుకు శ్వాస సమస్య ఉందని మాత్రమే రాసిన డాక్టరు లేఖకు పెద్దగా విలువ ఉండదు. ఈ ఇంట్లోని ఈ చెమ్మ వల్లే అది ఎక్కువవుతోందని, ఇల్లు మారితే తగ్గే అవకాశం ఉందని లేఖలో ఉండాలి.

కౌన్సిలర్ సంగతి. 1997 నాటి నిబంధనల ప్రకారం, దరఖాస్తుదారు నివాసం గానీ కేటాయించే ఇల్లు గానీ తన వార్డులో ఉన్నప్పుడు, ఆ కేటాయింపు నిర్ణయంలో కౌన్సిలర్ పాల్గొనకూడదు. మీ ఫైలుకు జవాబు రాకపోతే ఎందుకు రాలేదో మీ తరఫున విచారించగలరు, అంతవరకే. ఇల్లు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే దయచేసి ఇవ్వవద్దు.

రెడింగ్ వాసి:

పై వివరణ చాలా ఉపయోగకరంగా ఉంది. మేము కూడా బిడ్డింగు ద్వారానే ఒక హౌసింగ్ అసోసియేషన్ (కౌన్సిల్‌లాగే తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సంస్థ) ఇంట్లోకి వచ్చాము కాబట్టి ఆ దశ గురించి కొంచెం చెబుతాను. అసోసియేషన్ల ఇళ్లకు కూడా చాలావరకు కౌన్సిల్ రిజిస్టర్ నుంచే పేర్లు పంపుతారు. కానీ మన పేరు వెళ్లాక అసోసియేషన్ తన సొంత పరిశీలన చేస్తుంది, అద్దె కట్టగలమా లేదా అని జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతుంది. బిడ్ అంటే వేలంపాట కాదు, డబ్బు ఏమీ కట్టనక్కరలేదు. ఎంత ముందు వేశామన్నది కూడా లెక్కలోకి రాదు. గడువు ముగిశాక బిడ్ వేసినవారందరినీ ముందు బ్యాండు ప్రకారం, ఒకే బ్యాండులో ఉంటే ప్రాధాన్య తేదీ ప్రకారం పేర్చి, పైనున్న కొద్దిమందిని ఇల్లు చూడడానికి పిలుస్తారు. ఆ పిలుపు వచ్చాక కాగితాలకు ఇచ్చే గడువు చాలా తక్కువ. ఈ-వీసా షేర్ కోడ్ (మీ వీసా హోదాను ఆన్‌లైన్‌లో చూపే కోడ్), ప్రస్తుత అద్దె ఒప్పందం, పిల్లల జనన ధ్రువపత్రాలు ఒకే ఫోల్డరులో సిద్ధంగా పెట్టుకోండి.

ప్రకటనలో అద్దె రకం తప్పక చూడండి. సోషల్ రెంట్ అన్న ఇంటికి ప్రభుత్వ సూత్రం ప్రకారం లెక్కగట్టిన తక్కువ అద్దె ఉంటుంది. 2011లో వచ్చిన అఫర్డబుల్ రెంట్ అన్న ఇంటికి మార్కెట్ అద్దెలో 80 శాతం వరకు వసూలు చేయవచ్చు. లండన్ మార్కెట్‌లో 80 శాతం ఎంతవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకే భవనంలో పక్కపక్క ఫ్లాట్లకు ఈ రెండు రకాల అద్దెలూ ఉండవచ్చు. ఇంకొక సంగతి, ఇలాంటి ఇళ్లను సాధారణంగా ఖాళీగా అప్పగిస్తారు: కార్పెట్టు ఉండదు, పొయ్యి ఉండదు, కర్టెన్ కడ్డీలు కూడా ఉండవు. మాకు తాళాలు ఇచ్చిన రోజున పడకగదుల్లో వట్టి కాంక్రీటు నేల ఉంది. ఆ ఖర్చుకు ఇప్పటి నుంచే కొంత పక్కన పెట్టుకోవడం మంచిది.

లెస్టర్ వాసి:

నివాస నియమం గురించి ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు. రిజిస్టర్‌లోకి ఎవరిని అనుమతించాలో నిర్ణయించే విస్తృత అధికారాన్ని లోకలిజం యాక్ట్ 2011 కౌన్సిళ్లకు ఇచ్చింది. కనీసం రెండేళ్ల స్థానిక నివాసం ఉండాలన్న షరతు పెట్టుకోవచ్చని 2013లో ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చాక లండన్‌లో చాలా బరోలు దానిని ఐదేళ్లకు పెంచాయి, హిల్లింగ్‌డన్ ఏకంగా పదేళ్లు పెట్టింది. ఆ పదేళ్ల షరతు ఐరిష్ ట్రావెలర్లను (సంచార జీవన సంప్రదాయం ఉన్న సముదాయం), శరణార్థులను పరోక్ష వివక్షకు గురిచేస్తుందని 2019లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ చెప్పింది. అయినా నివాస షరతు అన్నదే చెల్లదని దాని అర్థం కాదు. అందువల్ల నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఏమిటంటే, పక్క బరోలో అద్దె వంద పౌండ్లు తక్కువని అక్కడికి మారిపోకండి. మారితే ఇన్నాళ్లు కూడబెట్టిన నివాస కాలం, ప్రాధాన్య తేదీ రెండూ పోయే ప్రమాదం ఉంది. మన తెలుగువాళ్లలో చాలామంది ఉద్యోగం వెంట ఊరు మారుతూ ఉంటారు, ఆ మార్పుకు చెల్లించే ఈ మూల్యం గురించి ఎవరూ హెచ్చరించరు.

ఆ తెలిసిన కుటుంబం గురించి ఒక మాట. వారికి ఏ కారణం చేత పై బ్యాండు వచ్చిందో మనకు తెలియదు. గృహహింస, అనారోగ్యం, ఇల్లు ఖాళీ చేయించడం వంటివి ఎవరూ నలుగురిలో చెప్పుకోరు. ఇంగ్లండ్‌లో రిజిస్టర్లలో ఎదురుచూస్తున్న కుటుంబాలు 2024 లెక్కల ప్రకారం సుమారు 13 లక్షలు. 1980 హౌసింగ్ యాక్ట్ తెచ్చిన రైట్ టు బై (అద్దెకున్న కౌన్సిల్ ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు) కింద ఇంచుమించు 20 లక్షల ఇళ్లు అమ్ముడయ్యాయి, వాటి స్థానంలో కట్టినవి చాలా తక్కువ. బ్యాండ్లను ఎంత న్యాయంగా దిద్దినా ఉన్న ఇళ్ల సంఖ్య పెరగదు. కేటాయింపు మీద ఉన్న కోపాన్ని పక్కింటివారి మీద కాకుండా, ఇళ్లు కట్టని విధానం మీద చూపించాలని నా గట్టి అభిప్రాయం. మీ బరో స్థానిక ప్రణాళిక మీద ప్రజాభిప్రాయం అడిగినప్పుడు సోషల్ రెంట్ ఇళ్ల వాటా పెంచమని తప్పక రాయండి. కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ మనకు ఓటు కూడా ఉంది.

తూర్పు లండన్ వాసి:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. అమ్మాయి వయసు వల్ల గదుల లెక్క మారుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఫారం ఈ రోజే పంపుతున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. నా భార్య వీసా మీద ప్రభుత్వ నిధులకు అర్హత లేదని రాసి ఉంది, దాని వల్ల ఇబ్బంది వస్తుందా? ఒకవేళ చూపించిన ఇల్లు మాకు సరిపోకపోతే కాదనవచ్చా?

బర్మింగ్‌హామ్ సలహాదారు:

ఐఎల్ఆర్ ఉండి, ఇక్కడే స్థిర నివాసం ఉన్న మీరు సాధారణంగా అర్హులే. అయితే దంపతులలో ఒకరు అనర్హులైతే ఇద్దరి పేరు మీద ఉమ్మడి టెనెన్సీ (అద్దె హక్కు) ఇవ్వడాన్ని ఆ 1996 చట్టంలోని సెక్షన్ 160జెడ్ఎ నిషేధించింది, కాబట్టి దరఖాస్తు, టెనెన్సీ మీ ఒక్కరి పేరు మీదే ఉండాలి. కౌన్సిల్ కేటాయించే ఇల్లు వీసా నిబంధనల్లోని ప్రభుత్వ నిధుల జాబితాలో ఉంది. కాబట్టి మీ దరఖాస్తులో ఆవిడ పేరును ఏ హోదాలో చూపించాలన్నది ఏ బిడ్ గెలవకముందే గుర్తింపు ఉన్న ఇమ్మిగ్రేషన్ సలహాదారుకు చూపించి, వారి జవాబు రాతలో తీసుకోండి. ఆవిడ వీసా పొడిగింపు దరఖాస్తుకు కూడా ఆ కాగితం పనికివస్తుంది.

కాదనడం గురించి చాలా జాగ్రత్తగా ఉండాలి. మామూలు బిడ్ ద్వారా వచ్చిన ఇంటిని తిరస్కరిస్తే కొన్ని స్కీముల్లో ఏమీ కాదు, కొన్నింటిలో రెండు మూడు తిరస్కరణల తరువాత కొంతకాలం బిడ్ వేయనివ్వరు. ఇల్లు కోల్పోయి, ఇల్లు చూపే పూర్తి బాధ్యత కౌన్సిల్ మీద పడిన కుటుంబమైతే పరిస్థితి వేరు: తగిన ఇల్లు తుది ప్రతిపాదనగా వచ్చినప్పుడు వద్దంటే ఆ బాధ్యతే ముగిసిపోవచ్చు. అటువంటివారు ముందు ఇంటిని అంగీకరించి, అది తమ కుటుంబానికి తగినది కాదని 21 రోజుల్లోపు రివ్యూ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించడం) అడగవచ్చు. అంగీకరించినంత మాత్రాన ఆ హక్కు పోదు. మీరు ప్రస్తుతం ఆ స్థితిలో లేరు. కానీ ఇంటి యజమాని ఖాళీ చేయమని నోటీసు ఇస్తే, ఆ రోజే కౌన్సిల్ హోమ్‌లెస్‌నెస్ విభాగానికి తెలపండి.

బ్యాండు మార్చడానికి నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగి రివ్యూ కోరండి. ఆ హక్కు కూడా 166ఎ ఇచ్చినదే. గడువు ఎంతో మీకు వచ్చిన నిర్ణయ లేఖ చివరి పేరాలో ఉంటుంది.