ఐరన్ మాత్రలు వాడినా చెల్లికి రక్తం పెరగట్లేదు, తలసీమియా టెస్ట్ చేయించాలా?

అందరికీ నమస్కారం, మాది గాజువాక. మా చెల్లికి 23 ఏళ్లు, మూడు నెలలుగా రోజూ ఐరన్ మాత్ర మానకుండా వేసుకుంటోంది, నేనే దగ్గరుండి ఇస్తున్నాను, అయినా హిమోగ్లోబిన్ 10.1 నుంచి 10.2కి వచ్చిందంతే. దగ్గర్లోని క్లినిక్‌లో మళ్లీ అవే మాత్రలు రాసి తోటకూర, బెల్లం, ఖర్జూరం తినమన్నారు. రిపోర్టులో ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) 63 ఉంది, మామూలుగా 80 పైన ఉండాలి కదా, కానీ ఎర్ర రక్తకణాల సంఖ్య మాత్రం 53 లక్షలు, అంటే కణాలు తక్కువేం లేవు, చిన్నగా ఉన్నాయి. ఫెరిటిన్ 68, ఐరన్ నిల్వలు బాగానే ఉన్నట్టే. అమ్మకీ చిన్నప్పటి నుంచి "రక్తం తక్కువ" అనే అంటారు. ఇది తలసీమియా మైనర్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే, హిమోగ్లోబిన్ సరిగా తయారవని సమస్యలో తేలికపాటి రకం) కావచ్చేమో అని నా అనుమానం.

హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ రక్త పరీక్షలో, హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతం దాటితే అదే అంటారు. వైజాగ్‌లో ఎక్కడ చేయించాలి, కేజీహెచ్‌లో చేస్తారా, ఖర్చు ఎంతవుతుంది? అప్పటిదాకా మాత్రలు ఆపొచ్చా?

మాఘంలో దాని పెళ్లి. ఇద్దరికీ ఈ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ (తరచూ రక్తం ఎక్కించాల్సి వచ్చే తీవ్రమైన రకం) వచ్చే అవకాశం 25 శాతం, అందుకే టెన్షన్. అబ్బాయికి కూడా టెస్ట్ చేయించమని వాళ్లింట్లో ఎలా అడగాలి? ఇలా అడిగినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.