‘పేగన్’ కౌన్సిలర్‌ను తెలుగులో ఏమనాలి?

నెల్లూరు, పత్రిక డెస్కు నుంచి:

అందరికీ నమస్కారం. ఆదివారం పేజీకి ఎన్నికలు, మతం మీద ఒక వ్యాసం అనువాదం చేస్తున్నా. అందులో న్యూయార్క్ నగర కౌన్సిల్‌లో పనిచేసిన డాన్ హాలరన్ గురించి రెండు పేరాలున్నాయి. మనిషి రిపబ్లికన్, లాయరు, అంతకుముందు పోలీసు. కేథలిక్‌గా పెరిగి, తర్వాత క్రైస్తవం రాకముందు ఉత్తర యూరప్‌లో కొలిచిన ఓడిన్, థార్ వంటి దేవుళ్ళ వైపు వెళ్ళాడు. 2009లో ఆ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో పోటీ చేస్తుంటే ఒక స్థానిక వారపత్రిక ఆ సంగతి బయటపెట్టింది. పెద్ద రచ్చయింది. అయినా గెలిచాడు.

ఇంగ్లీషు కాపీలో ఒకచోట ‘పేగన్’, ఇంకోచోట ‘హీథెన్’ అని ఉంది. నేను ‘అన్యమతస్థుడు’ అని పెడితే మా సబ్ ఎడిటర్ కొట్టేసి ‘విగ్రహారాధకుడు’ అని రాశాడు. ప్రూఫులు చూసే మేడమ్ రెండూ చదివి, “పొద్దున్నే మూలాపేట గుళ్ళో దణ్ణం పెట్టుకునొచ్చా, అయితే నేనూ ఆయన మతమేనా?” అంది. సాయంత్రానికి పేజీ పోవాలి. ఏం రాయమంటారు?

కావలి:

ఇందులో టెన్షన్ పడేదేముంది తమ్ముడూ? ‘ప్రకృతి ఆరాధకుడు’ అనెయ్. వినడానికి బాగుంటది, ఎవరికీ కోపం రాదు.

ఒంగోలు, రిటైర్డ్ తెలుగు లెక్చరర్:

బాగుంది కానీ అది ఆయన మతం కాదన్నా. ఈ హాలరన్ చేరిన శాఖ పేరు థియోడిజం. 1976లో న్యూయార్క్ రాష్ట్రంలోనే మొదలైంది. పాత ఇంగ్లీషు, జర్మన్ తెగల దేవుళ్ళు, వాళ్ళ పూర్వీకులు, వాళ్ళ ఒట్లు, వాళ్ళ పెద్దరికం వరసలు, వీటన్నిటినీ మళ్ళీ నిలబెట్టాలన్నది వాళ్ళ పట్టు. చెట్టుకీ పుట్టకీ దండం పెట్టుకుని ఇంటికి పోయే వ్యవహారం కాదు. అందరూ వరసన కూర్చుంటారు. మద్యం నింపిన కొమ్ము చేతులు మారుతుంది. అది తన చేతికొచ్చినప్పుడు ఒక్కొక్కరూ దేవుడి పేరో, తాత పేరో తలచుకుని, లేదా ఒక ఒట్టు పెట్టుకుని తాగుతారు. ఆ కూటాన్ని సింబెల్ అంటారు. ఒట్టు పెట్టుకున్నాక తప్పడానికి లేదు. హాలరన్ అక్కడ మామూలు సభ్యుడు కూడా కాదు, ‘న్యూ నార్మన్నీ రైక్’ అనే గుంపుకి పెద్ద. వాళ్ళిచ్చిన బిరుదు ‘ఆథలింగ్’, అంటే పాత ఇంగ్లీషులో రాచపుట్టుక గలవాడు. ఇంత తతంగాన్ని ‘ప్రకృతి ఆరాధన’ అంటే చదివేవాడికి ఆకులూ పూలూ తప్ప ఏమీ కనపడవు.

‘అన్యమతస్థుడు’ అంటే మన జిల్లాల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది తిరుమల డిక్లరేషన్. ఎవరికి అన్యం అన్నది ఆ మాటలో ఉండదు, రాసేవాడి కుర్చీని బట్టి ఉంటుంది. క్వీన్స్ వోటరు రాస్తే సరేననుకోవచ్చు. నెల్లూరులో కూర్చుని మనం రాస్తే హాలరనూ అన్యుడే, ఆయన్ని తప్పుబట్టిన కేథలిక్కులూ అన్యులే.

ఇక ‘విగ్రహారాధకుడు’. మీ ప్రూఫుల మేడమ్ ఒక్క ముక్కలో తేల్చేసింది, నేను కలిపేదేం లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ‘హీథెన్’ అన్న మాట అచ్చంగా మన గడ్డ మీద, మన తాతముత్తాతల మీద వాడిందే. నెల్లూరుకి 1840లో అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. ఒంగోలుకి 1866లో ఆ మిషను క్లౌ దొర వచ్చాడు. కరువు వెళ్ళాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ కాలపు మిషను రాతల్లో తెల్లవారుజామున నదికి దిగినవాళ్ళు ‘హీథెన్’లు, గట్టెక్కినవాళ్ళు క్రైస్తవులు. నీళ్ళలో గడిచిన ఆ కాసేపట్లో మాట మారింది. కాబట్టి ఈ మాటని తెలుగు చేసేటప్పుడు మనం ఎదురుగా నిలబడి ఎవరినో చూస్తున్నట్టు రాస్తే నాకు నవ్వొస్తుంది.

ఎవరో ‘పాషండుడు’ అంటారని ముందే చెబుతున్నా, వద్దు. అశోకుడి శాసనాల్లో, మన కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీద కూడా, ‘పాసండ’ అంటే ఒక మతశాఖ, అంతే. అన్ని పాసండాలనీ గౌరవించమనే రాయించాడు ఆయన. తర్వాత్తర్వాత అది వేదాన్ని కాదన్నవాడి మీద తిట్టుగా దిగజారింది. ఇప్పుడు దాన్ని కడిగి మళ్ళీ వాడటం ఒక్క పేజీతో అయ్యే పని కాదు.

ఒంగోలు దగ్గర, టీచరు:

సార్ గుండ్లకమ్మ మాట ఎత్తారు కాబట్టి మా వైపు నుంచి ఒకటి. మేము నాలుగు తరాలుగా బాప్టిస్టులం. బైబిల్లో ‘అన్యజనులు’ అని ఉంటుంది. ఇంట్లోనూ ‘అన్యుల పెళ్ళి’, ‘అన్యుల వీధి’ అని మామూలుగా అనేస్తాం. తిట్టాలని కాదు, ఇది మా వాళ్ళది, అది వాళ్ళది అని చెప్పడానికి. కానీ అదే పేపర్లో అచ్చేస్తే తిట్టులాగే ఉంటుంది. అందుకే నేనూ వద్దంటాను.

ఇంకో సంగతి. ‘హాలరన్ మతం పుచ్చుకున్నాడు’ అని మాత్రం రాయకండి. మా ఊళ్ళల్లో ‘మతం పుచ్చుకున్నారు’ అంటే ఏ మతం అని ఎవరూ అడగరు, క్రైస్తవంలోకి వచ్చారనే. ఈయనేమో అందులోంచి బయటికి పోయాడు. చదివేవాళ్ళు తికమక పడతారు.

ఒంగోలు, రిటైర్డ్ తెలుగు లెక్చరర్:

అమ్మా, ఈ ‘మతం పుచ్చుకోవడం’ నాకు తట్టనే లేదు. నూటికి నూరుపాళ్ళు నిజం.

మీరన్న ‘అన్యజనులు’లోని ‘జనం’ దగ్గర ఒక తమాషా ఉంది. థియోడిజంలోని ‘థియోడ్’ పాత ఇంగ్లీషు మాట, అర్థం తెగ, జనం. జర్మన్లు తమ భాషని ‘డాయిచ్’ అనేదీ ఆ వేరు నుంచే. అంటే ఆ మతం తన పేరు తాను చెప్పుకుంటే ‘మా జనం నమ్మకం’ అవుతుంది. బయటివాడు చెబితే ‘అన్యజనం’. ఉన్నది ఒకటే జనం, ముందు ‘మా’ పెట్టాలా ‘అన్య’ పెట్టాలా అన్నదే పేచీ. ఎన్నికల్లో జరిగిందీ అదే కదా. ఆయన పన్నుల గురించి ఏమన్నాడో పక్కకి పోయి, మన వాడా కాదా అన్నది ముందుకొచ్చింది. అమెరికా రాజ్యాంగం ఆరో అధికరణంలో ఏ ప్రభుత్వ పదవికీ మతపరీక్ష పెట్టకూడదని ఉంది. కాగితం మీద పెట్టకపోయినా వోటరు మనసులో పెట్టుకుంటాడు, దానికి మందు లేదు.

వెంకటగిరి:

లాటిన్‌లో ‘పాగస్’ అంటే పల్లెపట్టు, ‘పేగానుస్’ అంటే పల్లెవాడు. సైనికుల యాసలో ‘సైన్యంలో చేరని మామూలు మనిషి’ అని కూడా అనేవాళ్ళట, క్రైస్తవులు ఏ అర్థంలోంచి తీసుకున్నారో పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఇంగ్లీషులో ‘హీథ్’ అంటే బీడు, మన ఉదయగిరి మెట్టలాంటిది అనుకోండి. పట్నంలో కొత్త దేవుడు, పల్లెలో పాత దేవుడు. మనకీ ‘గ్రామ్యం’ అనగానే మొహం చిట్లించే పండితులు ఉండేవాళ్ళు. కానీ ‘గ్రామదేవత’ అన్నప్పుడు అదే గ్రామం ఎంత గొప్పదైందో చూడండి. వినాయక చవితి వెళ్ళాక మా పోలేరమ్మ జాతర చూడాలి. అమ్మవారు కుమ్మరింట మట్టితో పుడుతుంది, చాకలివాళ్ళ మండపం మెట్టినిల్లు. అప్పుడు ఊళ్ళో పెద్ద చదువుల వాళ్ళూ నిమ్మకాయలు పట్టుకుని నిలబడాల్సిందే.

పోలేరమ్మని ‘పేగన్ దేవత’ అని ఏ ఇంగ్లీషు పేపరైనా రాస్తే మనం ఒప్పుకుంటామా? అలాంటప్పుడు ఓడిన్ భక్తుడికి ఆ మాట ఎందుకు తగిలించాలి?

కావలి:

ఆయన్ని ఆయనే హీథెన్ అనుకుంటున్నాడు కదబ్బా! వాళ్ళే ఆ మాటని గర్వంగా పెట్టుకున్నారు. మనకెందుకు మధ్యలో? ‘పేగన్’ అని తెలుగు లిపిలో రాసి ఊరుకోండి. మార్వెల్ సినిమాల పుణ్యమా అని థార్ ఎవరో మా పిలకాయలకి మనకంటే బాగా తెలుసు.

ఒంగోలు, రిటైర్డ్ తెలుగు లెక్చరర్:

తమను తాము అనుకుంటే సరే. అప్పుడు ‘తమను హీథెన్లమని చెప్పుకునేవారు’ అని ఒకసారి రాసి వదిలెయ్యాలి. మన సొంత గొంతుతో ఆ ముద్ర వెయ్యకూడదు.

నా ఓటు మాత్రం ‘కొలుచు’ మీదనే. మన జిల్లాలో అంకమ్మ కొలుపులంటే డప్పు కొట్టే పిల్లాడికి కూడా తెలుసు. అందులో తప్పొప్పుల తీర్పు లేదు. ఏ దేవుణ్ణి కొలుస్తాడో ఆ దేవుడి పేరు పెట్టండి, మతం అదే అర్థమవుతుంది. ‘క్రైస్తవానికి ముందటి దేవుళ్ళను, ఓడిన్‌ను థార్‌ను కొలిచే’ అంటే అయిపోయె. ఐస్‌లాండ్‌లో 1972లో ఇలాగే పాత దేవుళ్ళ సంఘం పెడితే మరుసటి ఏడు 1973లో ప్రభుత్వమే గుర్తించింది. అప్పట్లో దానికి పెద్ద రైతూ కవీ అయిన ఒకాయన. ఆయన గురించి రాయాల్సి వచ్చినా ఈ వాక్యమే సరిపోతుంది.

విష్ణురూపాయ నమశ్శివాయ అన్న తిక్కన గారి ఊరివాళ్ళం. ఇద్దరు దేవుళ్ళని ఒక్క మాటలో కూర్చినాయన ఊళ్ళో ఈ ఒక్క మాటకి ఇంత ఇబ్బంది పడుతున్నాం చూశారా.

నెల్లూరు, పత్రిక డెస్కు నుంచి:

అందరికీ ధన్యవాదాలు. మా సబ్ ఎడిటర్‌తో కాసేపు గొడవపడి ‘కొలిచే’ పెట్టించా. ‘పుచ్చుకున్నాడు’ తీసేసి ‘ఆ దారి పట్టాడు’ అన్నా. ఇప్పుడు ఇంకో పేచీ. హాలరన్‌ను లంచాల కేసులో 2013లో అరెస్టు చేశారు, 2014లో నేరం రుజువైంది, 2015లో పదేళ్ళ శిక్ష పడింది. మావాడు బాక్సు ఐటెమ్‌కి ‘ఓడిన్ భక్తుడికి పదేళ్ళ జైలు’ అని శీర్షిక పెట్టాడు. ప్రాసేమీ లేకపోయినా బాగా పడుతుందట.

ఒంగోలు, రిటైర్డ్ తెలుగు లెక్చరర్:

ఓడిన్ ఏం చేశాడని! కేసు ఏమిటి? మేయరు ఎన్నికలో ఒక డెమోక్రాట్ రాష్ట్ర సెనేటర్‌కి రిపబ్లికన్ టికెట్టు ఇప్పించడానికి డబ్బు చేతులు మార్పించడం, కౌన్సిల్ నిధులు మళ్ళించేందుకు లంచం. అందులో కొమ్ములూ లేవు, సింబెల్లూ లేవు. మన దగ్గర ఏ కౌన్సిలరో ఇలా దొరికిపోతే ‘వెంకన్న భక్తుడికి జైలు’ అని వేస్తారా? ‘న్యూయార్క్ మాజీ కౌన్సిలర్‌కు పదేళ్ళ జైలు’ అని వెయ్యమనండి. నిడివి తేడా ఎంతో లేదు.

నెల్లూరు, పత్రిక డెస్కు నుంచి:

వేశాం సార్. రెండు కాలమ్‌లలో సరిగ్గా పట్టింది. ఒక్కటే మిగిలింది, పాత ఇంగ్లీషు వాళ్ళు ఓడిన్‌నే ‘వోడెన్’ అంటారట కదా, థియోడిజం వాళ్ళు ఏది వాడతారు?

ఒంగోలు, రిటైర్డ్ తెలుగు లెక్చరర్:

పాత ఇంగ్లీషు వైపు మొగ్గే శాఖ కాబట్టి వోడెన్ అనడం ఎక్కువ. కానీ మన పాఠకుడికి ఓడిన్ తెలుసు. మొదటిసారి ‘ఓడిన్, అంటే వోడెన్’ అని రాసి, తర్వాతంతా ఓడిన్ అనే వెళ్ళిపోండి.