గోరింటాకు పెడితే నారింజ రంగు వస్తోంది, నల్లగా రావాలంటే?

నాకు 47. పాపిట పొడవునా తెల్లబడింది. షాపు డై వేస్తే చెవుల వెనక పొక్కులు లేచాయి, మానేశాను. ఇనుప మూకుడులో గోరింటాకు, ఉసిరిపొడి, టీ డికాక్షన్ రాత్రంతా నానబెట్టి పెట్టాను. నల్లవి నల్లగానే ఉన్నాయి, తెల్లవి మాత్రం నిప్పురవ్వల్లా! మా అబ్బాయి ఒకటే నవ్వు. మేనకోడలి పెళ్లికి ఇంకా 20 రోజులుంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అక్కా, గోరింటాకు ఒక్కటే ఎన్నిసార్లు పెట్టినా ఎరుపే. దాని మీద నీలి ఆకు (ఇండిగో) పొడి పడాలి. గోరింటాకు కడిగేశాక గోరువెచ్చని నీళ్లలో నీలి పొడి, చిటికెడు ఉప్పు కలిపి పావుగంటలో తలకి పట్టించండి. దాన్ని రాత్రంతా నానబెడితే పనికిరాదు, నిమ్మరసం అసలొద్దు. గంటన్నర ఉంచి ఉత్త నీళ్లతో కడగండి. మొదట ఆకుపచ్చగా కనిపిస్తే కంగారుపడకండి, గాలి తగిలి రెండు రోజుల్లో నల్లబడుతుంది. అప్పటిదాకా షాంపూ వద్దు.

ఇంకో జవాబు:
‘బ్లాక్ హెన్నా’ అని అమ్మేవాటిలో చాలావరకు పీపీడీ అనే రసాయన రంగు ఉంటుంది. మీకు పొక్కులు తెప్పించింది అదే కావచ్చు. ప్యాకెట్ వెనక చదవండి. ఆకుపొడి అయినా ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడండి.

అడిగినావిడ:
నిన్న పెట్టాను. ముందు జాగ్రత్తగా నూనె వదిలేలా తలంటుకున్నా. ఇవాళ ముదురు గోధుమ రంగు. కణతల దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది, అక్కడ మళ్లీ పెడతా. దిండు గలీబు మాత్రం నీలమైపోయింది!