అప్‌డేట్: మారుతి 800 మూడో సిలిండర్ సమస్య దొరికింది

నాన్నగారి 1996 మారుతి 800 ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) వణుకుతోందని, రేస్ చేస్తే బాగుంటోందని, స్పార్క్ ప్లగ్గులు, వైర్లు మార్చినా తగ్గలేదని పోయినవారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే రబ్బరు గ్లోవ్స్ వేసుకుని, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి చూశాను. మొదటిది, రెండోది తీస్తే ఇంజిన్ ఆగిపోబోయింది. మూడోది తీస్తే చప్పుడులో తేడానే లేదు, అంటే ఆ సిలిండర్ పని చెయ్యట్లేదన్నమాట.

ఆ ప్లగ్ విప్పాను. మిగతా రెండూ బిస్కెట్ రంగులో ఉంటే ఇది సుద్దముక్కలా తెల్లగా ఉంది, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) మూడింటికీ దాదాపు సమానమే, వాల్వులు పాడయ్యాయేమోనన్న భయం పోయింది. పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బ్యురేటర్ మూడు సిలిండర్లకీ ఒక్కటే కాబట్టి ఒక్కదానికే గాలి ఎక్కువవుతోందంటే మధ్యలో ఎక్కడో లీకు ఉండాలి. ఇంజిన్ వేడెక్కకముందే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఆ మిశ్రమాన్ని సిలిండర్లకు తీసుకెళ్ళే గొట్టాలు) అంచున కార్బ్ క్లీనర్ స్ప్రే కొద్దిగా కొట్టాను. మూడో సిలిండర్ దగ్గరకు రాగానే వణుకు ఆగింది, లీకు అక్కడే! అతుకు దగ్గర గాలి పోకుండా ఆపే గ్యాస్కెట్ అక్కడ పెళుసై చిట్లింది. రేస్ చేస్తే ఎందుకు బాగుండేదో అప్పుడు అర్థమైంది: ఐడిల్‌లోనే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ (గాలిని లోపలికి లాగే శక్తి) ఎక్కువ, ఆ సందులోంచి లాగే గాలీ ఎక్కువే.

కార్బ్యురేటర్ మార్చాల్సిందే అన్నాడు మా మెకానిక్. మార్చలేదు, కొత్త గ్యాస్కెట్‌తోనే సరిపోయింది. ప్లగ్ వైర్ల టెస్ట్ చెప్పిన అన్నకు ప్రత్యేకంగా థ్యాంక్స్. పొద్దున నాన్నగారు స్టార్ట్ చేసి, చాలాసేపు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు.